తలకు గాయమయ్యాక మారిన స్వభావాన్ని అంగీకరించడం ఎలా: అడుగడుగునా ఒక సమగ్ర మార్గదర్శి

తలకు గట్టి దెబ్బ తగిలి కోలుకున్నవారిలోనూ, పక్షవాతం నుంచి తేరుకున్నవారిలోనూ ఒక మార్పు చాలాసార్లు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాకే బయటపడుతుంది. కుట్లు మానతాయి, నడక వస్తుంది, మాట కుదురుకుంటుంది. కానీ ఏనాడూ గొంతు పెంచని మనిషి కూరలో ఉప్పు తక్కువైందని కంచం విసిరేస్తాడు, పదిమందిని నవ్వించే ఇల్లాలు ఎవరు పలకరించినా ముక్తసరిగా బదులిచ్చి ఊరుకుంటుంది, పైసా పైసా లెక్క చూసుకునే వ్యాపారి కంటికి నచ్చినదల్లా కొనేస్తాడు. ఈ మార్గదర్శి ప్రధానంగా అలా మారిన మనిషి కోసం, అంటే ‘నేను మునుపటిలా లేను’ అని తనకు తానే గమనించుకుంటున్న వ్యక్తి కోసం రాసినది. ఇంట్లోవారు తెలుసుకోవలసిన సంగతులు చివరి వైపు ఉన్నాయి.

మార్పును అంగీకరించమని సలహా ఇచ్చేవారికి కొదవ లేదు గాని, అందులో దేన్ని అంగీకరించాలో విడమరచి చెప్పేవారు తక్కువ. మందులతో నయమయ్యే లక్షణాన్ని విధిరాత అనుకొని అంగీకరిస్తే నష్టపోయేది మీరే. భార్యాపిల్లలను భయపెట్టే ప్రవర్తనను ‘ఇక నేనింతే’ అని అంగీకరిస్తే నష్టపోయేది వారు. కాబట్టి ఇక్కడ అంగీకారం మొదటి అడుగు కాదు. దానికి ముందు వేరుచేసే పని కొంత ఉంది, నా అభిప్రాయంలో సగం శ్రమ అక్కడే పడుతుంది.

ముందుగా తెలుసుకోవలసినది: స్వభావం ఎందుకు మారుతుంది

కోపాన్ని ఆపుకోవడం, మాట అనే ముందు ఒక క్షణం ఆలోచించడం, ఒక పనిని తనంతట తాను మొదలుపెట్టడం, ఎదుటివారి ముఖం చూసి వారి మనసు గ్రహించడం వంటి పనుల్లో నుదురు వెనుక ఉండే ఫ్రంటల్ లోబ్ అనే మెదడు భాగానికి పెద్ద పాత్ర ఉంది. బండి మీద నుంచి పడినప్పుడు దెబ్బ తల వెనుక తగిలినా సరే, మెదడు ముందుకు ఊగి పుర్రె అడుగున ఉండే గరుకైన ఎముక గట్లకు ఒరుసుకోవడం వల్ల ఈ ముందరి భాగమే తరచుగా దెబ్బతింటుంది. పక్షవాతంలో మెదడులో గాయమయ్యే చోటు మనిషికీ మనిషికీ మారుతుంది కనుక, వచ్చే మార్పు కూడా ఒక్కొక్కరిలో ఒక్కొక్క తీరుగా ఉంటుంది.

ఈ సంబంధాన్ని వైద్యలోకం గుర్తించడానికి కారణమైనవారిలో ఫినియస్ గేజ్ ఒకడు. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గం కోసం బండలు పేల్చుతుండగా, సుమారు ఆరు కిలోల బరువున్న ఇనుప కడ్డీ అతని ఎడమ చెంప కింద నుంచి దూరి నడినెత్తి గుండా బయటికి వచ్చింది. అప్పటికి అతని వయసు 25 ఏళ్లు. అతను బతికాడు, అయితే అతను ఇక తమకు తెలిసిన గేజ్ కాడని స్నేహితులు అన్నట్లు అతనికి చికిత్స చేసిన డాక్టర్ జాన్ హార్లో 1868లో రాశాడు. పాఠ్యపుస్తకాలు చాలావరకు కథను అక్కడే ఆపేస్తాయి. ఆ తర్వాతి సంగతే మనకు ఎక్కువ పనికివస్తుంది: అతను చిలీ దేశానికి వెళ్లి, 1850లలో కొన్నేళ్లపాటు గుర్రాల బండి తోలే ఉద్యోగం చేశాడు. వేళకు బయలుదేరి, తెలిసిన దారిలో, రోజూ ఒకే క్రమంలో సాగే ఆ పని అతనికి ఊతమిచ్చి ఉంటుందని కొందరు పరిశోధకులు భావిస్తారు. మారిన మనిషి మునుపటి మనిషిగా తిరిగి రాకపోయినా, ఒక జీవితాన్ని నిలబెట్టుకోగలడని అతని ఉదంతం చూపుతోంది.

మనవైపు మరొక చిక్కు ఉంది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అనే సామెత మీద పెరిగినవాళ్లం గనుక, ఒక మనిషి బుద్ధి నలభయ్యో ఏట మారిపోతే అది గాయం వల్ల వచ్చిన మార్పని నమ్మలేక, ‘అసలు బుద్ధి ఇన్నాళ్లకు బయటపడింది’ అంటాం. బంధువులే కాదు, గాయపడిన వ్యక్తి కూడా తన గురించి అలాగే అనుకోవడం మొదలుపెడతాడు. ఈ ఊహను ముందే పక్కన పెట్టాలి. అదుపు చేసే భాగం దెబ్బతింటే అదుపు తప్పుతుంది. దాని అర్థం ఇంతకాలం మీరు మంచితనం నటించారని కాదు.

మొదటి అడుగు: నయమయ్యేవాటిని వేరు చేయండి

న్యూరాలజిస్టును (మెదడు, నరాల వైద్యుణ్ని) గాని, మానసిక వైద్యుణ్ని గాని కలిసి, స్వభావం మారిందన్న సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావించండి. నడక, బీపీ గురించి అడిగినంత వివరంగా కోపం గురించీ నిర్లిప్తత గురించీ ఎవరూ అడగకపోవచ్చు. మార్పంతా గాయానిదే కాకపోవచ్చు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందికి ఏదో ఒక దశలో డిప్రెషన్ వస్తుంది, దానికి చికిత్స ఉంది. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసిటామ్ అనే మందు కొందరిలో చిరాకును, కోపాన్ని పెంచుతుంది. అలా అనిపిస్తే వైద్యులు వేరే మందుకు మార్చగలరు గాని, మీ అంతట మీరు ఆపేస్తే ఫిట్స్ ముంచుకురావచ్చు. థైరాయిడ్ లోపం, బి12 లోపం, రక్తంలో సోడియం తగ్గడం, తలగాయం వల్ల మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు తగ్గడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం వంటివన్నీ మనిషిని మందకొడిగానో చిరచిరలాడుతూనో మార్చగలవు. లోపల బాధ లేకుండానే ఏడుపు పొంగుకురావడం, నవ్వు రాని చోట నవ్వు ఆగకపోవడం కూడా మెదడు గాయం వల్ల వచ్చే లక్షణమే, దానికీ మందులున్నాయి.

ఒక సంగతి మాత్రం ఆలస్యం చేయరాదు. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత కొత్తగా మగత, పెరుగుతున్న తలనొప్పి, తికమక, ఒకవైపు బలహీనత మొదలైతే, పుర్రెకూ మెదడుకూ మధ్య మెల్లగా రక్తం చేరుతూ ఉండవచ్చు. వయసు పైబడినవారిలోనూ, రక్తం పలుచబడే మందులు వాడేవారిలోనూ ఇది ఎక్కువ. ఇది అంగీకారంతో సరిపెట్టుకోవలసిన మార్పు కాదు, అదే రోజు స్కాన్ తీయించవలసిన మార్పు. దిష్టి తీయించుకుంటే మనసుకు ఊరట అనిపిస్తే తీయించుకోండి. గాలి సోకిందని ఊళ్లు తిరుగుతూ స్కాన్‌ను మాత్రం వాయిదా వేయకండి.

కాలం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గాయం తర్వాత మొదటి ఆరు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది గాని, రెండేళ్ల వరకూ, కొందరిలో ఆ తర్వాత కూడా కొనసాగుతుంది. కనుక మూడో నెలలో కనబడే మనిషే శాశ్వతమని తీర్మానించుకోవడం తొందరపాటు.

రెండో అడుగు: ఏం మారిందో మరొకరి సాయంతో రాయండి

మెదడు గాయంలో ఒక విచిత్రం ఉంది: తనను తాను గమనించుకునే శక్తి కూడా కొంత దెబ్బతినవచ్చు. అందువల్ల మార్పుల జాబితాను ఒంటరిగా రాయకండి. మీకు నమ్మకమున్న ఒకరిని, మిమ్మల్ని గాయానికి ముందూ తర్వాతా దగ్గరగా చూసినవారిని, పక్కన కూర్చోబెట్టుకోండి. వారు చెప్పినది మీకు నిజమనిపించకపోయినా వాదించకుండా రాసి, పక్కన ‘నాకు ఇలా అనిపించడం లేదు’ అని మీ మాట కూడా రాసుకోండి.

రాసేటప్పుడు బిరుదులు వద్దు. ‘కోపిష్ఠిని అయ్యాను’ అని కాకుండా, ‘సాయంత్రం పిల్లలు టీవీ పెట్టినప్పుడు అరుస్తున్నాను’ అని రాయండి. ‘బద్ధకస్థుడిని అయ్యాను’ అని కాకుండా, ‘స్నానానికి లేవమని ఎవరైనా చెప్పేదాకా లేవడం లేదు, చెబితే లేస్తున్నాను’ అని రాయండి. ఈ రెండో వాక్యం వైద్యుడికి చాలా చెబుతుంది: చెబితే చేయగలిగి, తనంతట తాను మొదలుపెట్టలేకపోవడం సోమరితనం కాదు, గాయం తాలూకు లక్షణం.

మూడో అడుగు: జాబితాను మూడు వరుసలుగా విడదీయండి

చికిత్సతో తగ్గగలవి ఒక వరుస. పరిసరాలను, దినచర్యను సర్దుకుంటే తగ్గేవి రెండో వరుస. ఈ రెండూ చేశాక మిగిలేవి మూడో వరుస.

రెండో వరుస అనుకున్నదానికన్నా పొడవుగా ఉంటుంది. గాయపడిన మెదడు త్వరగా అలసిపోతుంది, అలసటలో అదుపు ముందుగా సడలుతుంది. మధ్యాహ్నం కాసేపు చీకటి గదిలో పడుకుంటే సాయంత్రపు అరుపులు తగ్గవచ్చు. పెళ్లిళ్ల రద్దీలో బ్యాండు మేళం, మైకు, పాతికమంది ఒకేసారి చేసే పలకరింపులు భరించలేకపోతే, తలంబ్రాల వేళకు వెళ్లి అక్షింతలు వేసి వచ్చేయవచ్చు. చేతిలో డబ్బు నిలవకపోతే కార్డుకూ యూపీఐకీ రోజువారీ పరిమితి తగ్గించమని బ్యాంకును అడగండి, అప్పులిచ్చే యాప్‌లను ఫోన్‌లోంచి తీసేయండి. మద్యం గాయపడిన మెదడు మీద మునుపటికన్నా గట్టిగా పనిచేస్తుంది, ఫిట్స్ ముప్పును పెంచుతుంది కనుక పూర్తిగా మానడమే మంచిది. వైద్యుడు సరేననేదాకా బండి నడపవద్దు.

అంగీకారం అవసరమయ్యేది మూడో వరుసకు, దానితోపాటు మొత్తం జాబితా చూసినప్పుడు లోపల లేచే దుఃఖానికి.

నాలుగో అడుగు: అంగీకారాన్ని సాధన చేయడం

అంగీకారం ఒక నిర్ణయమనీ, ఒకరోజు కూర్చొని ‘సరే’ అనేస్తే అయిపోతుందనీ చాలామంది భావిస్తారు. అలా అయిపోదు. అమెరికా మనస్తత్వవేత్త స్టీవెన్ హేస్, ఆయన సహచరులు 1980ల నుంచి రూపొందించిన యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీలో అంగీకారమంటే, బాధాకరమైన ఆలోచనను గాని భావాన్ని గాని తరిమేయడానికీ దాచేయడానికీ ప్రయత్నించకుండా, దానికి చోటిచ్చి, మనకు విలువైన పనిని అది ఉండగానే చేయడం. ఇది నేర్చుకోవలసిన నైపుణ్యం. కింద చెప్పిన సాధన ఆ పద్ధతి నుంచి తీసుకొని, త్వరగా అలసిపోయే మెదడుకు తగ్గట్టు కుదించినది.

రోజులో మీ మనసు కొంత తేటగా ఉండే వేళ, చాలామందికి ఉదయం కాఫీ తర్వాత, ఐదు నిమిషాలు ఎంచుకోండి. రోజూ అదే కుర్చీ, అదే సమయం అయితే మంచిది. గుర్తుంచుకునే భారం తగ్గుతుంది. జాబితాలోని మూడో వరుసలో ఒక్క వాక్యాన్ని, మరీ బరువైనది కాకుండా, మెల్లగా చదవండి. ఉదాహరణకు, ‘తరగతిలో పిల్లలను నవ్వించేలా పాఠం చెప్పడం ఇప్పుడు నాకు రావడం లేదు.’ చదివాక కళ్లు మూసుకొని ఒంట్లో ఏమి జరుగుతోందో గమనించండి: గొంతు పట్టేసిందా, ఛాతీ బరువెక్కిందా, పళ్లు బిగుసుకున్నాయా. ఆ చోట ఉన్నదాన్ని ఉన్నట్లు పేరు పెట్టి చెప్పుకోండి: ‘ఇది దుఃఖం’, ‘ఇది సిగ్గు’, ‘ఇది భయం’. దాన్ని తగ్గించే ప్రయత్నం చేయకుండా ఐదారు శ్వాసలు తీసుకోండి. అది పెరగవచ్చు, తగ్గవచ్చు, అలాగే ఉండవచ్చు; ఏదైనా సాధన చెడిపోయినట్లు కాదు.

ఇంతలో మనసు వ్యాఖ్యానం మొదలుపెడుతుంది: ‘నేను ఎందుకూ పనికిరాను’, ‘అందరికీ భారమయ్యాను’. ఆ మాటలతో వాదనకు దిగవద్దు, గెలవలేరు. వాటి చివర చిన్న తోక తగిలించండి: ‘నేను అందరికీ భారమయ్యాను అనే ఆలోచన వస్తోంది.’ వినడానికి ఇది మాటల గారడీలా ఉన్నా, ఆలోచనను తీర్పుగా కాక ఆలోచనగా చూడటానికి ఆ తోక ఉపకరిస్తుంది. చివరగా కళ్లు తెరిచి గదిలో ఒక వస్తువును చూసి, లేచి ఒక చిన్న పని చేయండి, మొక్కకు నీళ్లు పోయడం చాలు. సాధన పనిలోకి దారి తీయాలి, ఆలోచనలో నానబెట్టకూడదు.

జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవారు ఈ మెట్లను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలి, లేదా ఇంట్లోవారి గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసుకొని వినాలి. కళ్లు మూసుకుంటే ప్రమాద దృశ్యం తిరిగి తిరిగి కనబడేవారు ఒంటరిగా ఈ సాధన చేయకుండా క్లినికల్ సైకాలజిస్టు దగ్గర మొదలుపెట్టాలి. కోపం తలకెక్కిన క్షణంలో ఇది పనిచేస్తుందని కూడా ఆశించకండి; అప్పుడు చేయవలసింది గది వదిలి బయటికి నడవడం మాత్రమే.

ఐదో అడుగు: మునుపటి మనిషి కోసం దుఃఖించడానికి వీలు కల్పించండి

చనిపోయినవారికి దినాలు, సంవత్సరీకాలు ఉన్నాయి. మనిషి కళ్లెదుటే ఉండి స్వభావం మాత్రమే పోయినప్పుడు ఏ తంతూ లేదు. ‘బతికి బయటపడ్డావు, అది చాలదా’ అనే మాట అందరూ సదుద్దేశంతోనే అంటారు, వినేవారి నోరు మాత్రం మూతపడుతుంది. పరామర్శకు నోచుకోని ఇటువంటి నష్టాన్ని అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970ల నుంచి అధ్యయనం చేశారు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మొదలైన ఆమె పని, మనిషి ఎదుట ఉన్నా మనసు మునుపటిది కాని సందర్భాలకూ విస్తరించింది. అటువంటి నష్టంలో రెండు విరుద్ధమైన మాటలు ఒకేసారి నిజమవుతాయి: ‘నేను మారిపోయాను’, ‘నేను నేనే’. ఏదో ఒకటి తేల్చుకోవాలనే పట్టుదలే మనిషిని ఎక్కువగా నలిపేస్తుంది.

పాత ఫొటోలను దాచేయవలసిన పని లేదు, రోజూ చూడవలసిన పనీ లేదు. మునుపటి మీలో మీకు ఇష్టమైన గుణాలను ఒక ఉత్తరంగా రాసుకోవచ్చు, తెలిసినవారికి చదివి వినిపించవచ్చు. ఏడుపు వస్తే రానివ్వండి. అయితే రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగానే ఉండి, తిండి, నిద్ర, దేనిమీదా ఆసక్తి పోతే, దాన్ని సంతాపమని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చెప్పాలి.

ఆరో అడుగు: గుణం పోయినా విలువను నిలబెట్టే పని వెతకండి

పైన చెప్పిన ఉపాధ్యాయుణ్నే తీసుకుందాం. చలాకీగా పాఠం చెప్పడం ఆయన గుణం. పిల్లలు నేర్చుకోవాలన్నది ఆయన విలువ. మొదటిది గాయంతో పోయి ఉండవచ్చు, రెండోది పోలేదు. నలభైమంది ఉన్న తరగతి భరించలేనివాడు ఇద్దరు పిల్లలకు నిశ్శబ్దంగా లెక్కలు చూపించగలడు. అలాగే వంటింట్లో ఒకేసారి నాలుగు పనులు నడిపించిన ఇల్లాలు, ఇప్పుడు ఒక్క పచ్చడి మాత్రమే, కాగితం మీద రాసుకున్న వరుస ప్రకారం, తీరికగా నూరగలదు. మీ జాబితాలో పోయిన ప్రతి గుణం పక్కన ‘ఇది ఎవరి కోసం, దేని కోసం ఉండేది’ అని రాయండి. దానికి సరిపడే, ఇప్పటి శక్తికి లోబడిన పని ఒక్కటి ఈ వారానికి ఎంచుకోండి. మొదలుపెట్టడమే కష్టమైనవారు ఫోన్ అలారాన్ని ఆసరా చేసుకోవాలి. ఉత్సాహం వచ్చాక చేద్దామని ఆగితే అది రాకపోవచ్చు, ఎందుకంటే దెబ్బతిన్నది ఆ యంత్రాంగమే.

ఏడో అడుగు: ఇతరులకు చెప్పండి, హానికి బాధ్యత వహించండి

దగ్గరివారికి చెప్పడానికి రెండు వాక్యాలు సిద్ధం చేసుకోండి: ‘తలకు దెబ్బ తగిలాక నాకు కోపం త్వరగా వస్తోంది, చికిత్స తీసుకుంటున్నాను. నేను లేచి వెళ్లిపోతే అది మీ మీద అలక కాదు.’ నలుగురిలో ఉన్నప్పుడు భార్యాభర్తల మధ్య ముందే అనుకున్న ఒక సంకేతం బాగా ఉపకరిస్తుంది. ‘ఏమండీ, మందులు వేసుకునే వేళయింది’ అంటే చాలు, ఎవరి ముందూ చిన్నబోకుండా లేచి రావచ్చు.

ఒకవేళ అరిచినా, విసిరినా, చేయి చేసుకున్నా, శాంతించాక క్షమాపణ చెప్పాలి. గాయం కారణాన్ని వివరిస్తుంది, క్షమాపణ అవసరాన్ని తీసివేయదు. ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలే స్థితి వస్తే వారు అక్కడ నుంచి తప్పుకోవడం, అవసరమైతే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయడం ద్రోహం కాదు. ఈ మాట మీరే ముందుగా వారితో చెప్పి ఉంచితే ఇంటిల్లిపాదికీ ధైర్యం.

ఇంట్లోవారికి

మీరూ ఒక మనిషిని పోగొట్టుకున్నారు, ఆ మనిషికే సేవ చేస్తున్నారు. ‘నువ్వు ఇదివరకు ఇలా ఉండేవాడివి కాదు’ అనే మాటను వీలైనంత వరకు మానండి. అది ఆయనకు తెలుసు. తప్పు జరిగిన క్షణంలో పాఠం చెప్పకుండా, ‘నాన్నా, అలసిపోయావు, కాసేపు పక్క గదిలో కూర్చుందాం’ అని దారి మళ్లించి, నెమ్మదించాక ఒక్క విషయమే మాట్లాడండి. ఒకేసారి రెండు ప్రశ్నలు వేయకండి. ఎవరో ఒక్కరే అన్నీ మోయకుండా వారంలో ఒక పూట మరొకరికి అప్పగించండి. మన ఇళ్లలో ఈ భారం సాధారణంగా కోడలి మీదో భార్య మీదో పడిపోతుంది, ఎవరూ దాన్ని పంచుకోవాలన్న ఊహ కూడా చేయరు.

సాయం ఎక్కడ దొరుకుతుంది

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరులో రోజులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ (నిమ్హాన్స్) వంటి చోట్ల మానసిక వైద్యులు, సైకాలజిస్టులు అందుబాటులో ఉంటారు. విదేశాల్లో ఉన్న తెలుగువారు తమ న్యూరాలజిస్టును న్యూరోసైకాలజీ పరీక్షల గురించి అడగాలి. ఏ సామర్థ్యం తగ్గింది, ఏది చెక్కుచెదరలేదు అన్నది ఆ పరీక్షల్లో తేలుతుంది. ‘నేను లేకపోతే వీళ్లకు హాయి’ అనే ఆలోచన పదే పదే వస్తుంటే, లేదా చనిపోయే మార్గాలు మనసులో మెదులుతుంటే, సాధన పక్కన పెట్టి అదే రోజు ఒకరికి చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. ప్రాణాపాయమనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

జాబితాను ఆరు నెలలకోసారి అదే మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని తిరిగి రాయండి. మూడో వరుసలో ఉన్న కొన్ని రెండో వరుసలోకి జరుగుతాయి, కొన్నింటిని పూర్తిగా కొట్టివేయవలసి వస్తుంది, ఒకటి రెండు కొత్తవి చేరవచ్చు. కొత్తగా చేరినవాటిని మాత్రం అంగీకరించడానికి తొందరపడకండి. ఆ కాగితం తీసుకొని మొదటి అడుగుకు, అంటే వైద్యుడి దగ్గరకు, మళ్లీ వెళ్లండి.